గడగడ చదువుతడు గని ఏం చదివినవ్ అంటే చెప్పలేడు: అసలు ఇంట్ల ఏం చెయ్యాలె?

చెల్లె, నువ్వు రాసింది మొత్తం చదివిన. జడ్చర్ల దగ్గర ఉంటరు, బాబు ప్రైవేట్ బడిల రెండో తరగతి, ఇంగ్లిష్ మీడియం, పాపకు మూడేండ్లు. బాబు పాఠం గడగడ చదువుతడు గని ఏం చదివినవ్‌రా అంటే నీ మొఖం చూస్తడు. నువ్వు పదో తరగతి దాక తెలుగు మీడియంల చదివినవ్, ఇంగ్లిష్ రాదు కాబట్టి వానికి ఏం చదివి వినిపించాలో తెలుస్తలేదు, చదువుడు వచ్చిన పిల్లగానికి మళ్ల మనం చదివి వినిపించుడు ఎందుకని బడిల టీచర్ కూడా అన్నరట, ఫోన్ల కథల వీడియోలు పెడ్తే సరిపోదా అని అడిగినవ్. నేను దేవరకొండ, చింతపల్లి దిక్కు సర్కారు ప్రైమరీ బడులల్ల ఏండ్ల తరబడి ఒకటి, రెండు తరగతులకే చెప్పి రిటైరైన, నువ్వు చెప్పిన బాబు అసొంటి పిల్లలను ప్రతి ఏడు చూసిన, కాబట్టి జర వివరంగనే రాస్త, ఓపికగ చదువు.

ముందుగాల బాబు సంగతి. వాడు ఇప్పుడు చేస్తున్నది అక్షరాలను పలుకుడు. అది తప్పేం కాదు, అది రాకపోతే ముందటికే పోడు, గని చదువుడంటే అదొక్కటే కాదు. 1986ల గఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని ఒక లెక్క తీర్గ చెప్పిండ్రు: పుస్తకంల అచ్చైనదాన్ని మాటగ పలికే శక్తి, విన్న మాటను అర్థం చేసుకునే శక్తి, ఈ రెండింటిని గుణిస్తే వచ్చేదే చదివి అర్థం చేసుకునుడు అని. కూడుడు కాదు, గుణించుడు. అంటే రెండిట్ల ఏ ఒక్కటి సున్న అయినా జవాబు సున్ననే. మీ బాబుకు మొదటిది మంచిగ ఉన్నది, రెండోది, అందులో ఇంగ్లిష్‌ల, ఇంకా మొలకెత్తనే లేదు, ఎందుకంటే ఆ పాఠంల ఉన్న మాటలు పుస్తకం బయట వాని చెవుల ఎన్నడు పడలే. ఇప్పుడు ఆ పాఠమే ఇంకో యాభై సార్లు చదివించినవ్ అనుకో, మొదటిదే పెరుగుతది, రెండోది ఎక్కడున్నది అక్కడ్నే ఉంటది. చానా ట్యూషన్లల్ల జరుగుతున్నది గిదే, పిల్లలు రోజంతా బడిల కూసొని వచ్చి మళ్ల మాపటికి గంటలు గంటలు అదే పాఠం అరుస్తుంటే నాకు పానం ఉసూరుమంటది.

రెండోది పెరిగేది ముఖ్యంగ చెవి నుంచే. పిల్లలు తాము చదివి అర్థం చేసుకునే దానికంటే మనం చదివితే విని అర్థం చేసుకునేది చానా ఎక్కువ, ఈ తేడా దాదాపు ఏడు, ఎనిమిదో తరగతి దాక ఉంటదని పరిశోధకులు చెప్తరు, నేను బడిల చూసింది కూడా అదే. రెండో తరగతి పిల్లగాడు తానుగ చదివితే నాలుగు లైన్ల కథే చదవగలుగుతడు, మనం చదివితే నాలుగు పేజీల కథ నోరు తెరుచుకొని వింటడు, అందుల మోసం చేసినోడెవడో, ఎవరు ఎవరి మీద అలిగిండ్రో అన్నీ పట్టుకుంటడు. చదువుడు వచ్చింది కదా అని వినిపించుడు ఆపేసినమంటే వానికి దొరికేది ఆ నాలుగు లైన్లే. అందుకే బడిల వాళ్లు చెప్పిన ముచ్చటతోని నేను ఒప్పుకోను, చదువుడు వచ్చినంక ఇంకా ఎక్కువ వినిపియ్యాలె.

ఇంకొకటి మన దిక్కు ప్రత్యేకంగ ఉన్నది, దీన్ని చానామంది పట్టించుకోరు. మన పిల్లలు ఇంట్ల మాట్లాడే తెలుగు వేరు, పుస్తకంల తెలుగు వేరు. ఇంట్ల బర్రె అంటం, కథల పుస్తకంల గేదె అని ఉంటది. మనం తొవ్వ అంటం, అండ్ల దారి. మనకు అంగి, అండ్ల చొక్కా. మనం ఉరికిండు అంటే పుస్తకంల పరుగెత్తాడు. నా క్లాసుల ఒక పిల్ల ఉండె, ఇంటికాడ రోజూ బర్రెకు కుడితి పెట్టొచ్చే పిల్ల, "గేదె చెరువులో దిగింది" అని ఒక్క తప్పు లేకుండ చదివింది, గేదె అంటే ఏందమ్మా అంటే "గెద్ద అసొంటి ఏదో పిట్ట టీచర్" అన్నది. పక్కన బొమ్మ లేదు మరి. ఆ పిల్లకు బర్రె గురించి నాకంటే ఎక్కువ తెలుసు, తెలవంది ఆ ఒక్క మాటనే, దాంతోని ఆ వాక్యం మొత్తం చేతికందకుండ పోయింది. ఇసొంటి మాటలు జాబితా రాసి బట్టీ పట్టిస్తే నిలువయి, కథల విని విని అవే వస్తయి. 1988ల హేస్, అహ్రెన్స్ అనేటోళ్లు ఇంగ్లిష్‌ల లెక్క తీసిండ్రు, పిల్లల పుస్తకాలల్ల వెయ్యి మాటలకు దాదాపు 31 అరుదైన మాటలు ఉంటే, కాలేజీ చదువులు చదివిన పెద్దోళ్లు ఒకరితోని ఒకరు ముచ్చట పెట్టుకునేటప్పుడు 17 దాకనే ఉన్నయట. అంటే మనం ఎంత చదువుకున్నోళ్లమైనా మాట్లాడుకునేటప్పుడు వాడేది అవే కొన్ని మాటలు, కొత్త మాట పిల్లల చెవుల పడాలంటే పుస్తకం తియ్యాల్సిందే.

ఒక్క జాగ్రత్త మాత్రం పెట్టుకో. కథ అడిగితే వాడు "గా మేకపిల్ల ఉరికింది" అనే చెప్తడు, "అట్ల కాదు, పరుగెత్తింది అనాలె" అని దిద్దకు. వానికి అర్థమైంది కాబట్టే తన మాటల చెప్పిండు, అదే మనకు కావాల్సింది. నువ్వు "అవును, మేకపిల్ల పరుగెత్తింది, మరి ఎందుకు పరుగెత్తింది?" అని పుస్తకం మాటను నీ నోట్లకెళ్లి మళ్లొక్కసారి వినిపియ్యి, అంతే. దిద్దిన పిల్లలు తర్వాత నోరే విప్పరు.

ఇగ ఇంగ్లిష్ సంగతి. నువ్వు దీని గురించే ఎక్కువ రంధి పెట్టుకున్నవ్ గని ఇదే అన్నిటికంటే అలకటి ప్రశ్న. నీకొచ్చిన తెలుగులనే చదువు. ముందు ఏమైతదో ఊహించుడు, ఎందుకయ్యిందని అడుగుడు, ఎవరు నిజం చెప్తున్నరో పసిగట్టుడు, ఇయ్యన్నీ ఏ భాషల నేర్చుకున్నా ఇంకో భాషకు పనికొస్తయి, ఈ ముచ్చట 1979లనే జిమ్ కమిన్స్ అనే కెనడా ఆచార్యుడు చెప్పిండు. రాని ఇంగ్లిష్‌ల తడుముకుంట చదివితే నీకు ఉత్సాహం ఉండదు, వానికి కథ ఉండదు. ఇంగ్లిష్ కూడా కావాలె అనిపిస్తే పక్కింట్ల సర్కారు బడికి పోయే పిల్లల పుస్తకం అడుక్కో, 2022-23ల సర్కారు బడులల్ల ఇంగ్లిష్ మీడియం పెట్టినప్పటి సంది ఒక పేజీల తెలుగు, ఎదురు పేజీల అదే ఇంగ్లిష్‌ల అచ్చు వేసిండ్రు, తెలుగు పేజీ నువ్వు చదువు, దాని మీద ముచ్చట పెట్టుండ్రి, తర్వాత ఇంగ్లిష్ పేజీ వాడు నీకు చదివి చెప్తడు. కథ ముందే తెలుసు కాబట్టి ఆ ఇంగ్లిష్ మాటలు వానికి దేని గురించో అర్థమైతయి. మా దిక్కు చానామంది తల్లులు ఇట్ల చేసిండ్రు, పిల్లలు తల్లికి ఇంగ్లిష్ నేర్పుతున్నమని మస్తు సంబరపడ్తరు.

ఎట్ల చదవాలె అన్నదే అసలు విషయం. పుస్తకం తెరిచి మొదటి నుంచి చివరిదాక చదివి మూసుడు కాదు. 1988ల అమెరికాల వైట్‌హర్స్ట్ అనే ఆయన రెండు, మూడేండ్ల పిల్లల ఇండ్లల్ల ఒక నెల రోజులు పరీక్ష చేసి చూసిండు, కొందరు తల్లిదండ్రులకు మధ్యల ఆగుడు, అడుగుడు, పిల్ల చెప్పినదానికి ఇంకో మాట కలిపి చెప్పుడు నేర్పిండు, మిగిలినోళ్లు తమకొచ్చినట్టు చదివిండ్రు. రెండు దిక్కుల చదివినన్ని సార్లు దాదాపు ఒక్కతీరే, చదివిన తీరే వేరు. నెల తిరిగేసరికి ఆగి అడిగిన ఇండ్ల పిల్లలు మాటలల్ల మిగిలినోళ్లకంటే నెలల తరబడి ముందున్నరు. ఎన్ని పుస్తకాలు అయిపోయినయ్ అన్న లెక్క పెట్టుకోవద్దని నేను చెప్పేది అందుకే.

పాపకు ఏడు చేపల కథ చాలు, రోజూ అదే అడిగినా విసుక్కోకు. రెండు మూడు రోజులు నువ్వే మొత్తం చెప్పు. తర్వాత "చేపా చేపా ఎందుకు ఎండలేదు" అని నువ్వు ఆగాలె, జవాబు పాప చెప్పాలె, తప్పు చెప్పినా ఫర్వాలేదు, ఆవుకంటే ముందే చీమను తెచ్చినా ఫర్వాలేదు. ఇంకొన్నాళ్లకు "గడ్డి ఎందుకు అడ్డమొచ్చింది పాపా, ఎవరు తియ్యాలె దాన్ని" అని అడుగు. మూడేండ్ల పిల్ల ఆ గొలుసు మొత్తం ఎనక్కి ముందటికి చెప్తున్నదంటే ఒకటి జరుగుతే దాని వల్ల ఇంకోటి జరుగుతదన్నది పట్టుకున్నట్టే, రేపు బడిల సైన్స్ పాఠంల కావాల్సింది కూడా అదే కదా.

బాబుకు కొంచెం వేరేగ చెయ్యాలె. వానికి కావాల్సింది నిదానం. ఒక చిన్న ముక్క నేనే అల్లి రాస్తున్న, చూడు:

"అవ్వ బుట్ట దించి అరుగు మీద కూర్చుంది. పొద్దు గూకింది. బుట్టలో ఒకే ఒక సీతాఫలం మిగిలింది. అది బాగా మెత్తబడింది. రేపటిదాకా ఉండదులే అని దాన్ని మనవరాలి చేతిలో పెట్టింది."

ఇప్పుడు వాన్ని "బుట్టలో ఏం మిగిలింది" అని అడిగితే సీతాఫలం అని టక్కున చెప్తడు. ఇది బడిల అడిగే ప్రశ్న, దీనికి చదివింది అర్థం కావాల్సిన పనే లేదు, లైన్ దొరకబడితే చాలు. దాని బదులు "అవ్వ పొద్దుగాల్ల సంది ఎటు పోయింది?" అని అడుగు. ఆ ముచ్చట అండ్ల ఎక్కడ రాసిలేదు. వాడు లేదు అంటడు. "మరి బుట్ట ఎందుకు ఉన్నది, ఒక్కటే మిగిలింది అంటే మిగిలినయి ఏమైనయి?" అంటే కొద్దిసేపు చూసి "అంగడిల అమ్మింది" అంటడు. "ఆ ఒక్కటి ఎందుకు అమ్ముడుపోలేదు? రేపు అమ్ముకోవచ్చు కదా?" అంటే బాలానగర్ రోడ్డు మీద సీతాఫలాల గంపలు చూసిన పిల్లగాడు ఎవడైనా చెప్తడు, మెత్తబడ్డది రేపటికి పాడైతది అని. "మనవరాలి మీద ప్రేమతోనే ఇచ్చిందా, పాడైతదని ఇచ్చిందా?" ఇది అడిగినంక ఊకో. జవాబు నువ్వు చెప్పకు. వాడు ఆ ఐదు లైన్లు మళ్ల తనే చదువుకుంటడు, ఈసారి గడగడ చదవడు, మెల్లగ చదువుతడు, ఎందుకంటే ఇప్పుడు వాడు ఒకటి ఎతుకుతున్నడు. నాకు కావాల్సింది ఆ రెండోసారి చదువుడే. రోజుకు గిట్ల ఐదారు లైన్లు చాలు, పది పేజీలు వద్దు.

ఇందుల సీతాఫలం గురించి వానికి తెలుసుడు కూడా పని చేసింది చూడు. దీని మీద కూడా ఒక మంచి పరిశోధన ఉన్నది, 1988ల రెక్ట్, లెస్లీ అని ఇద్దరు ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు బేస్‌బాల్ ఆట గురించిన ముక్క ఒకటి ఇచ్చిండ్రు, చదువుల ఎనకబడి ఆట తెలిసిన పిల్లలు, చదువుల ముందుండి ఆట తెలవని పిల్లల కంటే మంచిగ అర్థం చేసుకున్నరు. అందుకే వాన్ని పొలంకాడికి, అంగడికి, కురుమూర్తి జాతరకు, పిల్లలమర్రికి తీస్కపో, పోయినకాడ ముచ్చట చెప్పు, అది టైం వేస్ట్ కాదు, రేపటి పాఠానికి కావాల్సిన సరుకు అదే.

చదివేటప్పుడు ఒక చిన్న పని చేస్తే చానా లాభం. కథ వినే చిన్న పిల్లల కండ్లు ఎక్కడ ఉన్నయో మిషన్లు పెట్టి చూస్తే ఎక్కువ సేపు బొమ్మల మీదనే ఉన్నయట, అక్షరాల దిక్కు చూసేది చానా తక్కువ. వేలు పెట్టి చూపిస్తే అటు చూస్తరు. గని మన తెలుగుల ఒత్తులు అక్షరం కింద ఉంటయి కదా, వేలు లైన్‌కు ఆనిచ్చి పెడ్తే ఒత్తు మొత్తం వేలు కింద మునిగిపోతది, పిల్లగాడు "అక్క"ను "అక" అంటడు, తప్పు వానిది అనుకుంటం. వేలు బదులు సన్న పుల్లనో, పెన్సిల్ మొననో ఒత్తు కంటే కిందికి పట్టుకొని జరుపు. చివరి అక్షరం మింగకుండ చదువుతున్నడా చూడు, "రాలేదు" అని ఉన్నదాన్ని "రాలేడు" అని చదివి పోయే పిల్లలు మస్తుమంది, కథే మారిపోతది గని ఆగరు. అప్పుడు తప్పు అనకుండ "రాలేడా? కాలికి దెబ్బ తాకిందా ఏంది?" అని అడుగు, వాడే ఎనక్కి పోయి చూసుకుంటడు. మన లిపిల గుణింతాలు, ఒత్తులు అన్నీ కలిపితే నేర్చుకోవాల్సిన రూపాలు వందలల్ల ఉంటయి, కన్నడ పిల్లల మీద సోనాలి నాగ్ చేసిన పరిశోధనల కూడా ఇసొంటి లిపి పూర్తిగ చేతికి రావాలంటే నాలుగైదు తరగతుల దాక పడ్తదని తేలింది, రెండో తరగతిల ఒత్తుల కాడ తట్టుకుంటే గాబరా పడకు.

నిమ్మళంగ చదువుడు మన ఊర్లకు కొత్త కాదు చెల్లె. పాలమూరు నుంచి బొంబాయికి, పుణెకు పనికి పోయినోళ్లు ఉత్తరం రాస్తే ఇంటికాడ చదువు రాని తల్లి బడికి పోయే పిల్లగాన్ని పిలిచి చదివించుకునేది. ఆ పిల్లగాడు గబగబ చదివి పోతనంటే ఊకునేది కాదు. "ఆగు బిడ్డ, మళ్ల చదువు, పండుగకు వస్తనన్నడా, పండుగ అయినంక వస్తనన్నడా?" అనేది. "పైసలు పంపిన అన్నడా, పంపుత అన్నడా?" అనేది. అక్షరం ముక్క రాని తల్లి, గని ఒక్క మాట జారనియ్యలే, ఎందుకంటే ఆ ఉత్తరంల తన కొడుకు ఉన్నడు. మీ బాబుకు నేర్పాల్సిన చదువు ఆ తల్లి చేయించింది. మీ ఇంట్ల అత్తమ్మ ఉంటే, ఆమెకు చదువు రాకపోతే ఇంకా మంచిది, బాబును రోజూ అవ్వకు చదివి వినిపియ్యమను, ఆమె "అంటే ఏంది బిడ్డా" అని అడుగుతనే ఉంటది, అంత మంచి వినేటోళ్లు ఏ బడిల దొరకరు.

ఫోన్ సంగతి అడిగినవ్. వీడియో చూసి పిల్లలు చెడిపోతరని నేను అనను, గని అది చదివి వినిపించుడుకు బదులు కాదు. 2003ల సియాటిల్‌ల ప్యాట్రీషియా కూల్ అనే శాస్త్రవేత్త తొమ్మిది నెలల అమెరికా పిల్లలకు చైనా భాష వినిపిచ్చింది, కొందరికి మనిషి ఎదురుగ కూసొని ఆడించుకుంట మాట్లాడింది, కొందరికి అదే మనిషిని టీవీల చూపిచ్చిండ్రు. మనిషి ఎదురుగ ఉన్నోళ్లు ఆ భాష ధ్వనులను పట్టుకున్నరు, టీవీ చూసినోళ్లు ఏం నేర్చుకోలే. వీడియో మీ పాప మొఖం చూడదు, పాప అర్థం కాక చూసినప్పుడు ఆగదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019ల చెప్పింది కూడా అదే, రెండేండ్ల నుంచి నాలుగేండ్ల పిల్లలకు స్క్రీన్ రోజుకు గంట దాటొద్దు, కూసున్న టైంల పెద్దోళ్లు కథలు చెప్పుడు, చదివి వినిపించుడు మంచిది అని. ఫోన్ పనికొచ్చేది వేరే తీర్గ, మీ ఆయన పనిమీద వేరే ఊర్ల ఉంటే రాత్రి ఫోన్ల ఒక కథ చదివి వినిపియ్యమను, పుస్తకం ఇక్కడ పిల్లల చేతుల ఉండాలె, నాయన గొంతు అక్కడికెళ్లి రావాలె.

పుస్తకాలకు పైసలు ఎక్కువ కావు. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్ల తెలుగు కథలు బొమ్మలతోని ఫ్రీగ ఉన్నయి, వాటికి స్థాయిలు కూడా పెట్టిండ్రు, పాపకు ఒకటో స్థాయి, బాబుకు రెండోది తీసుకో. అచ్చు పుస్తకం కావాలంటే హైదరాబాద్ల 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వాళ్లయి, నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్లయి తక్కువ ధరకే దొరుకుతయి. గ్రంథాలయానికి పోయి పిల్లల పుస్తకాలు ఏమున్నయో అడుగు, అడిగేటోళ్లు లేకనే అల్మారాలకు తాళాలు పడ్తున్నయి, ఇది నాకు చానా బాధ. నకిరేకల్ దిక్కు పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి అనే రచయిత 1938ల దేశోద్ధారక గ్రంథమాల అనే పుస్తకాలు అచ్చేసే సంస్థ పెట్టి పుస్తకాలు మోసుకొని ఊరూరు తిరిగి అమ్మిన జిల్లాలు మనయి, ఇయ్యాల అదే జిల్లాల పిల్లకు ఒక కథల పుస్తకం దొరకాలంటే ఎతకాల్సి వస్తున్నది.

రోజుకు ఎంతసేపు అంటే పదిహేను నిమిషాలు చాలు, గని రోజూ ఉండాలె. అన్నం తిన్నంక, టీవీ బంద్ పెట్టి, ఇద్దరిని చెరో దిక్కు కూసోబెట్టుకో. 2019ల అమెరికాల ఒహాయో పరిశోధకులు లెక్కగట్టిండ్రు, రోజుకు ఒక్క చిన్న పుస్తకం వినే పిల్లలు బడికి పోయే ఈడు వచ్చేసరికి, ఏమీ వినని పిల్లల కంటే దాదాపు 2 లక్షల 90 వేల మాటలు ఎక్కువ వింటరని. బాబు పెద్దోన్నయిన నాకెందుకు అంటే పాపకు చదివే పని వానికి అప్పజెప్పు, చెల్లె అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పుడుకైనా అర్థం చేసుకొని చదువుతడు.

ఆఖరుకు ఒకటి. రెండు మూడు నెలలు ఇట్ల చేసినా మనం చదివి వినిపించిన తెలుగు కథ కూడా వానికి అర్థమైతలేదు అంటే చెవులు చూపియ్యి. వింటే అర్థమై, తను చదివేటప్పుడు మాత్రం పుస్తకం మొఖానికి ఆనిచ్చుకున్నా, లైన్లు తప్పుతున్నా కండ్లు చూపియ్యి. సర్కారు బడులల్ల, అంగన్‌వాడీలల్ల అయితే ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్యం చూసే సర్కారు కార్యక్రమం) టీమ్ వచ్చి చూస్తది, మీది ప్రైవేట్ బడి కాబట్టి నువ్వే మహబూబ్‌నగర్ పెద్ద దవాఖానకు తీస్కపోవాల్సి ఉంటది.

ముందు ఒక వారం ఆ సీతాఫలం ముక్క అసొంటియే వానికి చదివి అడిగి చూడు, వాడు దేని కాడ ఆగుతున్నడో, ఏం ప్రశ్నలు ఎదురు అడుగుతున్నడో ఒక కాగితం మీద రాసుకొని ఇక్కడ పెట్టు, దాన్నిబట్టి తర్వాత ఏ పుస్తకం తియ్యాలో చెప్త.